చెప్పులు లేని పిల్ల

నవంబర్ 7, శుక్రవారం

పిల్లలను లైబ్రరీకి తీసుకుపోతారట. మేడమ్ ఇవాళ ప్రార్థన అయ్యాక చెప్పింది. ఎల్బీనగర్ దాటాక, కాలనీ లోపల ఉన్న సర్కారు లైబ్రరీ. గ్రంథాలయాల వారోత్సవమట. ఫొటోలు తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాలట.

"ఆయమ్మా, మీరు కూడా వస్తారు కదండీ" అంది. అడిగినట్టే ఉంది గానీ అడగడం కాదు.

నర్సరీ పిల్లలు. ముక్కు చీదుకోవడం కూడా రానివాళ్ళు. పుస్తకాలు ఏం చేసుకుంటారు... మొదటి అంతస్తట. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఏమైనా ఉందో లేదో. అడగడం మరిచాను. సోమవారం అడగాలి.

నవంబర్ 8, శనివారం

నిద్ర సరిగా లేదు. మెట్లు.

నవంబర్ 10, సోమవారం

రెయిలింగ్ ఉందట. స్పందన టీచర్ పోయి చూసి వచ్చింది. కాలేజీ పిల్లలా ఉంటుంది, అయినా పనికి వెనకాడదు.

రెయిలింగ్ సరే. వ్యాన్లు రెండు. ఒకదాంట్లో ఆమె, ఒకదాంట్లో నేను. నాకు ఇచ్చిన వ్యాన్ డోరు సరిగా పడదు, గుంజి వేయాలి. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులు మనుషులను చూడవు. ఏ పిల్లో కిటికీలోంచి చెయ్యి బయట పెడితే?

పద్మకు చెప్పాను. బెండకాయలు తరుగుతూ నవ్వింది. "అమ్మా, నీ తలకాయల రేడియో జర బంద్ చెయ్యే. పోరగాండ్లకు ఏం కాదు. ముందుగాల నువ్వే పడ్తవ్ మెట్ల మీద."

నా కూతురికి భయమే లేదు. దాని వంతు కూడా నేనే పడుతున్నాను. ఇక్కడ రాస్తే తలలోంచి కొంచెం దిగుతుంది.

నవంబర్ 12, బుధవారం

దీపావళి అయినప్పటి నుంచీ సాన్వి మాల వేసుకుని వస్తోంది. తండ్రి యాదగిరి అయ్యప్ప మాల వేసుకుంటూ పిల్లకు కూడా వేయించాడు. పుట్టినప్పుడు దవాఖానలో గాజు పెట్టెలో పెట్టారట. బతికితే కొండకు తీసుకొస్తానని మొక్కుకున్నాడట. నల్ల గౌను, మెడలో పూసల మాల, నుదుట గంధం. కాళ్ళకు ఏమీ వేయకూడదు. ఈ చలికి మడమలు పగిలాయి. రోజూ కొబ్బరినూనె రాస్తున్నాను.

"ఆయమ్మా, స్వామి కాళ్ళు పట్టుకున్నవ్ గద, దండం పెట్టుకో" అంటుంది. నాలుగేళ్ళు కూడా నిండలేదు దానికి! నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఆడపిల్ల మాల వేస్తే మాలికాపురం అనాలట. మా పిల్లలకు నోరు తిరగక స్వామి అనేస్తారు. ఇవాళ ఒకడు ఏడుస్తూ వచ్చాడు — "ఆయమ్మా, స్వామి నా అరటిపండు తిన్నది." మాలలో ఉన్నవాళ్ళను తిట్టకూడదు కదా. సాన్వి నడుం మీద చేతులు పెట్టుకుని, "స్వామి శరణం. ఇంకోటి తెచ్చుకో పో" అంది.

చాలా రోజులకు నవ్వాను.

నవంబర్ 13, గురువారం

పిల్లలకు పసుపు టీషర్టులు వచ్చాయి. ఎంత గుంపులో ఉన్నా కనిపించాలని మేడమ్ తెప్పించింది. స్పందన టీచర్ పసుపు చూసుకుంటుందట. నాకు పసుపుతో పని లేదు. నేను చెప్పులు చూసుకుంటాను. ఈ కాలం పేర్లన్నీ నాకు ఒకేలా వినిపిస్తాయి, చెప్పులు మాత్రం తప్పవు. లైటు వెలిగే బూట్లవాడు, ఊదారంగు క్రాక్స్ పిల్ల, ఎప్పుడూ కుడి ఎడమ మార్చి వేసుకునేవాడు, అక్క పాతవి ఈడ్చుకుంటూ వచ్చే పిల్ల. పొద్దున విప్పేదీ నేనే, పోయేటప్పుడు తొడిగేదీ నేనే. తలుపు బయట ఒక్క చెప్పు లేదంటే లోపల ఒక్క పిల్ల లేనట్టు. అప్పుడు బడికి తాళం వేస్తాను. ఇన్నేళ్ళలో తప్పింది లేదు.

లైబ్రరీలో కూడా చెప్పులు బయటే విడవాలట. విన్నాక కొంచెం గుండె కుదుటపడింది.

నవంబర్ 15, శనివారం

అక్కడ కుక్కలు ఉన్నాయా? కాలనీల్లో గుంపులుగా ఉంటాయి. కర్ర తీసుకుపోతే మేడమ్ ఏమంటుందో. ఫొటోల్లో బాగుండదు అంటుంది.

నవంబర్ 17, సోమవారం

రేపే. అన్నం దిగలేదు.

నవంబర్ 18, మంగళవారం

పిల్ల దొరికింది. బతికే ఉంది. అంతే రాయగలను.

నవంబర్ 19, బుధవారం

నిన్నటిది రాయాలి. లోపల పెట్టుకుంటే తల పగిలేలా ఉంది.

పోవడం బాగానే పోయాం. చౌరస్తాలో ఏమీ కాలేదు. డోరు ఊడలేదు. కుక్కలు లేవు. మెట్లు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఎక్కించాను. నేను భయపడినవేవీ జరగలేదు. ఇది ఒక్కటే నా తలకు తట్టలేదు.

లైబ్రరీ సారు మంచాయన. తల పూర్తిగా నెరిసింది. పిల్లలొస్తున్నారని చాపలు పరిపించాడు, చాక్లెట్లు తెచ్చి పెట్టాడు. ముందు గదిలో పేపర్లు చదివే పెద్దవాళ్ళు, వెనక గదిలో పిల్లల బొమ్మల పుస్తకాలు. మా పిల్లల గోలకు ముందు గదిలో ఎవరో దగ్గారు. సారు నోటి మీద వేలు పెట్టుకుని అన్నాడు —

"ఇది లైబ్రరీ. ఈడ ఎవ్వరు మాట్లాడొద్దు. మాట్లాడినోళ్ళను లోపలేసి తాళమేస్త. ఏమంటవ్ అవ్వా, వేద్దామా?"

నా దిక్కు చూసి కన్ను గీటాడు. నేను కూడా కలిశాను. "ఔ బిడ్డా, గీ తాత అట్లనే చేస్తడు. గప్‌చుప్ ఉండుండ్రి."

అందరూ నోటి మీద వేలు పెట్టారు. టీచర్ ఫొటో తీసింది. మొదటి వరసలో సాన్వి, కళ్ళు పెద్దవి చేసుకుని.

ఆ లైబ్రరీ పొద్దున కొంతసేపు తెరుస్తారు, మధ్యాహ్నం మూసేసి మళ్ళీ సాయంత్రం తెరుస్తారు. మూసే సమయం అయింది. పేపర్ల వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నేను తలుపు బయట మెట్టు మీద కూర్చున్నాను. పిల్లలు ఒక్కొక్కరూ వస్తున్నారు, తొడుగుతున్నాను, కిందికి పంపుతున్నాను. బూట్లు పోయాయి, క్రాక్స్ పోయాయి, అక్క పాతవి పోయాయి. నేల ఖాళీ.

కింద వ్యాన్ దగ్గర నుంచి టీచర్ అరిచింది. "ఆయమ్మా, అందరొచ్చిండ్రా?"

"బయట ఒక్క చెప్పు లేదమ్మా. అందరొచ్చిండ్రు."

సారు లైట్లు ఆర్పి షట్టర్ గుంజాడు. అది బిగుసుకుంటే ఇంకో పక్క నేను పట్టుకుని కిందికి లాగాను. నా చేత్తోనే.

స్వామి నా వ్యాన్లో ఉందని టీచర్ అనుకుందట. ఆమె పసుపు చూసుకుంది, పిల్లది నల్ల గౌను. నేను ఏమనుకున్నానంటే... ఏమీ అనుకోలేదు. చెప్పులు లేవు, అంతే. రోజూ ఆ మడమలకు నూనె రాసేదాన్ని. చెప్పులు లేని పిల్ల ఒకతి ఉందని నాకే గుర్తు రాలేదు.

బడికి వచ్చాం. కొందరిని గేటు దగ్గరే తల్లులు తీసుకుపోయారు. ఆ సందట్లో ఎవరమూ చూసుకోలేదు. యాదగిరి తను నడిపే క్యాబ్ రోడ్డు మీద ఆపి వచ్చాడు. మాలలో ఉన్న మగవాళ్ళకు ఆడవాళ్ళందరూ మాతలే కదా. "మాతా, జర పాపను పంపుండ్రి" అన్నాడు.

లేదు. బెంచీల కింద లేదు, బాత్రూంలో లేదు. అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఆ కాళ్ళు.

యాదగిరి కార్లోనే పోయాం. షట్టర్‌కు తాళం. లైబ్రరీ సారు తుర్కయంజాల్‌లో ఉంటాడట, ఫోన్ ఎత్తడం లేదు. మెట్ల పక్కన ముందు గది కిటికీ ఒకటి తెరిచి ఉంది. యాదగిరి ఊచలు పట్టుకుని పిలిచాడు.

"సాన్వీ! స్వామీ! బిడ్డా, నాయిన ఒచ్చిండు! ఓ బిడ్డా!"

గొంతు పోయేదాకా పిలిచాడు. లోపల చప్పుడే లేదు. ఆ పిల్ల నోరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఏమనుకుంటారు? "ఈడ లేదు మాతా. ఉంటే పల్కుతుండె" అన్నాడు. నేనూ లేదనే అన్నాను. అందరం రోడ్డు మీద పడ్డాం. మెట్రో పిల్లర్ల కింద, బస్టాపుల్లో, నాగోల్ దిక్కు, పండ్ల బండ్ల వాళ్ళను అడుక్కుంటూ... నల్ల గౌను బిడ్డా, మెడల మాలున్నది, చూసినవా. తల్లి రేణుక చీరల షాపులోంచి అట్లాగే పరుగెత్తుకొచ్చింది. పోలీసు స్టేషన్లో ఒకాయన అన్నీ అడిగి, నన్ను చూసి, "కాళ్ళకు ఏమున్నయమ్మా?" అన్నాడు.

సాయంత్రం సారు వచ్చి షట్టర్ ఎత్తాడు. వెనక గదిలో, అల్మారాకూ గోడకూ మధ్య సందులో. కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గౌను తడిసి ఉంది. నోటి మీద వేలు.

తండ్రి పిలుస్తుంటే వినే ఉంటుంది.

యాదగిరి ఎత్తుకున్నాడు. మెట్లు దిగుతూ ఆగాడు. "మాల మెడల ఉన్నది గన్క ఊకుంటున్న మాతా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 20, గురువారం

మేడమ్ ఫోన్. "కొన్నాళ్ళు బడికి రాకండి ఆయమ్మా. గొడవ చల్లారనివ్వండి. మీ మంచికే చెప్తున్నాను." టీచర్‌ను కూడా ఆపేసిందట. పోనీ. పని సంగతి కాదు నాకు.

పిల్ల ఇంకా నోరు తెరవలేదని మేడమే చెప్పింది. నిన్నా లేదు, ఇవాళా లేదు.

నవంబర్ 22, శనివారం

కొత్తపేటలో వాళ్ళు కిరాయికి ఉండే ఇంటికి పోయాను. పద్మ వద్దంది. "కొడ్తరే అమ్మా." కొడితే కొట్టనీ.

రేణుక గడపలో నిలబడింది. కళ్ళ కింద నల్లగా. "ఏమొచ్చినవ్ పెద్దమ్మా? ఇంకేం మిగిలింది?"

వెనక మంచం మీద పిల్ల కనిపిస్తోంది. నన్ను చూసింది. లేవలేదు.

"పెండ్లిళ్ళ సీజన్. షాపుల సెలవిస్తలేరు. ఆయన బండి తీయకపోతే కిస్తీ ఆగదు. రేపటి సంది దీని దగ్గర ఎవరు కూసోవాలె?" నన్ను అడగడం లేదు, గోడను అడుగుతోంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చేసిన పనికి నువ్వే కూసో."

కూర్చుంటాను.

నవంబర్ 23, ఆదివారం

తలుపు మూయనివ్వదు. చలిగాలి వస్తోందని దగ్గరగా వేశాను. లేచి వచ్చి రెండు చేతులతో తెరిచి గోడకు ఆనించింది. బాత్రూం తలుపూ అంతే. నోటితో ఏమీ అనదు. ఆకలైతే గిన్నె చూపిస్తుంది.

కాళ్ళకు నూనె రాశాను. దండం పెట్టుకోమనలేదు.

నవంబర్ 24, సోమవారం

డాక్టర్ దగ్గరికి రేణుకతో పాటు పోయాను. ఆ డాక్టరమ్మది కోస్తా మాట, మెల్లగా చెప్పింది. "గొంతు బాగానే ఉందమ్మా. భయం పట్టేసింది. మాట్లాడమని ఎవరూ బలవంతం పెట్టకండి. దానంతట అదే రావాలి. వారం పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు."

బయటికి వచ్చాక రేణుక ఆటో స్టాండు దగ్గర నిలబడింది. "నెలలట పెద్దమ్మా." అంతే అంది.

నవంబర్ 25, మంగళవారం

ఇవాళ చెప్పి చూశాను. పక్కన కూర్చుని మెల్లగా. "తాళం లేదు బిడ్డా. ఇది నీ ఇల్లు. గా తాత ఉత్తగనే అన్నడు. నేను గుడ ఉత్తగనే అన్న. నువ్వు మాట్లాడొచ్చు."

నా నోటినే చూసింది. చూసి చూసి, చెయ్యి చాపి, తన వేలు నా పెదవుల మీద పెట్టింది. గట్టిగా.

నేను మాట్లాడితే నన్ను ఎక్కడ లోపల వేస్తారోనని.

నవంబర్ 27, గురువారం

లైబ్రరీకి పోయి సారును పిలుచుకొచ్చాను. అన్నవాడే వచ్చి మాట వెనక్కి తీసుకుంటే వింటుందేమోనని. నా ఆలోచనే. ఆయనకు పై అధికారులు నోటీసు ఇచ్చారట. ఆ సంగతి ఎత్తలేదు ఆయన. దారి పొడుగునా "నాకు గుడ మనవరాలుందమ్మా" అంటూనే ఉన్నాడు.

పిల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. "నేను అబద్ధం చెప్పిన బిడ్డా. నేనెవ్వర్ని లోపల వేయ. గిదో, తాళంచెవులు నువ్వే పెట్టుకో. నాకొద్దు" అని జేబులోంచి గుత్తి తీశాడు.

ఆ గలగల విన్నదో లేదో, పిల్ల నిలబడ్డ చోటే గౌను తడుపుకుంది. మంచం కిందికి దూరింది. సాయంత్రం రేణుక వచ్చేదాకా రాలేదు. సారు గుమ్మంలో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

బాగుచేయబోయి చెడగొట్టాను. రేణుకకు చెప్పాను. ఆమె బకెట్ తీసుకుని నేల తుడవడం మొదలుపెట్టింది. నన్ను తుడవనివ్వలేదు.

నవంబర్ 30, ఆదివారం

యాదగిరి ఇవాళ ఇంట్లో ఉన్నాడు. పూజ అయ్యాక మొదలుపెట్టాడు. వ్రతంలో ఏదో లోపం జరిగిందట. అందుకే దేవుడు పిల్ల మాట తీసుకున్నాడట.

"షాపుల ఎవరెవరినో ముట్టుకొని ఒస్తవ్ మాతా. తానం చెయ్యకుండ వంటింట్లకు పోతవ్." భార్యను కూడా మాతా అనే అంటాడు ఈ రోజుల్లో. తిట్టు కంటే అదే ఎక్కువ తగులుతుంది.

రేణుక కుక్కర్ మూత కింద పడేసింది. "ఆ చీరలు అమ్మకపోతే నీ కారు ఎప్పుడో గుంజుకపోతుండ్రి స్వామీ!"

నేను ఊరుకోలేకపోయాను. "లోపం మీది కాదు బిడ్డా. నాది. చెప్పులు చూసి మోసపోయిన."

నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ముఖంలో. "నీది అయితే దేవుడు నిన్ను పట్టాలె గద మాతా. నా బిడ్డనెందుకు పట్టిండు?"

ఇంటికి వస్తూ దారి పొడుగునా దానికి జవాబు వెతికాను.

డిసెంబర్ 1, సోమవారం

యాదగిరి పిల్లను కొండకు తీసుకుపోతాడట. శుక్రవారం బస్సు. అనుకున్నదే ఇది, కానీ ఇప్పుడు పిల్ల ఇట్లా ఉంటే ఆపుతాడేమో అనుకున్నాం.

రేణుక నా చెయ్యి పట్టుకుంది, మొదటిసారి. "ఆడ ఎంత జనముంటరు పెద్దమ్మా. తోసుకుంటరు. చెయ్యి జారితే? ఏడ్వదు, పిల్వదు. పేరేందంటే చెప్పదు. మళ్ళ ఏ మూలకో కూసుంటే ఎవరు చూస్తరు?"

నేను అప్పటికే అదే అనుకుంటున్నాను. పొద్దుటి నుంచీ అదే.

డిసెంబర్ 2, మంగళవారం

వాళ్ళకు మాల వేసిన గురుస్వామి మా గల్లీ చివర్లోనే ఉంటాడు. ఆర్టీసీలో కండక్టర్ చేసి రిటైర్ అయినాయన. పోయి కాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"లేవండి మాతా. చిన్నపిల్ల. దానికి దోషమేం అంటది? మాల నేనే తీస్త, ఇంట్ల ఉండనియ్యిండ్రి. యాదగిరి స్వామికి నేను చెప్త."

దేవుడు మాట్లాడినట్టే అనిపించింది. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

డిసెంబర్ 3, బుధవారం

గురుస్వామి చెప్పాడు. యాదగిరి వినలేదు.

"ఆ పెట్టెలకెల్లి బిడ్డను ఇచ్చింది ఆయన. మాట తీస్కున్నది ఆయన. ఆయన ముందట నిలవెట్టి అడుగుత. డాక్టరమ్మ నెలలంటున్నది. నాకు నెలలు ఆగే ఓపిక లేదు స్వామీ."

యాదగిరి కూడా నిద్రపోవడం లేదు. కళ్ళు చూస్తే తెలుస్తుంది. ఆయన తప్పు అని కూడా అనలేకపోతున్నాను.

డిసెంబర్ 4, గురువారం

నల్ల గౌనుల లోపలి పక్క తండ్రి ఫోన్ నంబరు కుట్టాను. అన్నింటికీ. తెల్లదారంతో. ఉతికితే పోతుందేమో అని మళ్ళీ మీద ఇంకోసారి. రేణుక నిప్పట్లు చేసింది దారికి.

పిల్ల ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. సూది ఎట్లా పోతుందో చూస్తోంది. ఈ మధ్య ముట్టుకోనిస్తోంది... అదొక్కటి.

డిసెంబర్ 5, శుక్రవారం

పోయారు.

గుళ్ళో ఇరుముడి కట్టారు. పిల్ల తల మీద చిన్న మూట పెట్టారు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, కదలకుండా. అందరూ శరణాలు చెప్తుంటే కింద చూస్తోంది. యాదగిరిని పక్కకు పిలిచి చెప్పాను. "తలుపులు మూయొద్దు బిడ్డా దాని మీద. చెయ్యి ఇడవొద్దు. మాట్లాడమని అడగొద్దు. డాక్టరమ్మ చెప్పింది." తల ఊపాడు. విన్నాడో లేదో.

ఏసీ బస్సు. అద్దాలు తెరుచుకోవు. నేనది ముందే ఆలోచించాల్సింది. డోరు బుస్సుమని మూసుకుంది. పిల్ల కిటికీ దగ్గర సీట్లో ఉంది, తండ్రి పక్కన నిలబడ్డాడు. మమ్మల్ని చూసింది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించింది.

పెదవులు కదిలాయి.

కదిలాయి. నేను చూశాను. తెరుచుకుని మూసుకున్నాయి, మళ్ళీ ఒకసారి. బయట డప్పు, శరణాలు, హారన్. ఒక్క ముక్క వినిపించలేదు. యాదగిరి అప్పుడు పైన మూటలు సర్దుతున్నాడు, చూడలేదు. ఏడుపుకి కదిలాయా, ఊపిరికా, చలికా... ఏమో. బస్సు పోయింది.

రేణుక నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. ఆమెకు జనం అడ్డం వచ్చారు, సరిగా కనపడలేదు. "నోరు తెరిచింది గద? ఏమన్నది పెద్దమ్మా? చెప్పవే, ఏమన్నది?"

తెలియదు అనాల్సింది.

"అమ్మా అన్నది" అన్నాను.

రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆ మనిషి ఏడవడం చూడలేదు నేను. ఏడ్చి, లేచి, ముఖం తుడుచుకుని, "ఆకలైతుంది పెద్దమ్మా" అంది. ఇడ్లీ బండి దగ్గర నిలబడి తిన్నాం.

డిసెంబర్ 6, శనివారం

రేణుక పొద్దున్నే వచ్చింది, షాపుకు పోతూ. యాదగిరికి ఫోన్ చేసి చెప్పేసిందట. ఆయన బస్సంతా చెప్పాడట. ఇప్పుడు స్వాములందరూ పిల్ల చుట్టూ చేరి, "అమ్మా అను స్వామీ, ఒక్కపాలి అను" అంటున్నారట. ఒకాయన చాక్లెట్ చూపిస్తున్నాడట. ఒకాయన ఫోన్లో వీడియో పట్టి కూర్చున్నాడట.

"సీటు కిందికి పోయి కూసున్నదట" అంది రేణుక. ముఖంలో వెలుగు ఇంకా పోలేదు. "సిగ్గు పడుతున్నట్టుంది, గదా?"

అడగొద్దని చెప్పమన్నాను. డాక్టరమ్మ మాట గుర్తు చేశాను. "అది మాట రాకముందు పెద్దమ్మా. ఇప్పుడొచ్చింది గద" అంది.

ఇప్పుడు చెప్పేయాలి. అద్దంలోంచి చూశాను, వినలేదు, నాకు తెలియదు అని. ఆమె జడలో పూలు పెట్టుకుని వచ్చింది ఇవాళ. సాయంత్రం చెప్తాను అనుకున్నాను. సాయంత్రం రాలేదు ఆమె.

డిసెంబర్ 7, ఆదివారం

ఫోన్ కలవడం లేదు. పొద్దుటి నుంచీ. కొండ ఎక్కుతూ ఉంటారు, అక్కడ సిగ్నల్ ఉండదు అంటున్నాడు గురుస్వామి కొడుకు. జనం చాలా ఉన్నారట, టీవీలో చూపించారు. నల్లబట్టలే అన్నీ. ఒకదాన్నుంచి ఒకటి ఎట్లా తెలుస్తుంది...

రేణుక మా ఇంటికే వచ్చి కూర్చుంది. షాపుకు పోలేదు. ఫోన్ చేస్తోంది, పెడుతోంది, చేస్తోంది. పద్మ చాయ్ ఇచ్చింది, తాగలేదు. పూలు లేవు ఇవాళ.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది.

"పెద్దమ్మా" అంది తనే. "మళ్ళ ఒక్కపాలి చెప్పవా. ఎట్ల అన్నది?"

చెప్పాను. అద్దానికి చేతులు ఆనించి, నీ దిక్కే చూసి, అమ్మా అన్నది బిడ్డా. గట్టిగ అన్నది.

మొన్నటి కంటే బాగా చెప్పాను.